నర్సెస్ నోట్స్ ఏ పద్ధతిలో రాయాలి: నెరేటివ్, సోపీ, డి.ఎ.ఆర్., ఎక్సెప్షన్

పర్లాకిమిడి_స్టాఫ్
అందరికీ నమస్కారం. మెడికల్ వార్డు, 30 పడకలు, నైట్‌కి ఇద్దరు సిస్టర్లు. పేషెంట్లలో తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, సవర (ఇక్కడి గిరిజన భాష) మాట్లాడేవాళ్ళు అందరూ ఉంటారు. బి.హెచ్.టి.లో (పేషెంటు కేస్ షీటులో) మన పేజీ తీస్తే పై నుంచి కింది దాకా ఒకటే మాట: "జి.సి. ఫెయిర్, వైటల్స్ స్టేబుల్, ఆర్డర్ ప్రకారం మందులు ఇవ్వబడినవి." జి.సి. అంటే ఒంటి పరిస్థితి, వైటల్స్ అంటే పల్సు, బి.పి., ఊపిరి, జ్వరం లాంటివి. పొద్దున డ్యూటీకి వచ్చిన మనిషికి రాత్రి ఏం జరిగిందో దీనివల్ల తెలియదు. ఫార్మాట్ మార్చుకుందామని ఇన్‌ఛార్జి సిస్టర్ అంటున్నారు. కోర్సులో సోపీ, పి.ఐ.ఇ., డి.ఎ.ఆర్., చార్టింగ్ బై ఎక్సెప్షన్ అన్నీ చదివాం. ఇద్దరే ఉన్న రాత్రి వీటిలో రాయగలిగేది ఏది?

బరంపురం_ట్యూటర్
చెల్లీ, ఫార్మాట్ కంటే ముందు ఒకటి విడదీసుకోవాలి. పదే పదే కొలిచేవన్నీ గళ్ళ చార్టులోకి పోవాలి. టి.పి.ఆర్. (జ్వరం, పల్సు, ఊపిరి), బి.పి., షుగర్, ఇన్‌టేక్ అవుట్‌పుట్, కాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం), పొజిషన్ మార్చిన టైము అన్నీ అక్కడే. ఏదైనా మారినప్పుడు, మనం ఏదైనా చేసినప్పుడు, డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు మాత్రమే నోట్స్. గళ్ళలో పడాల్సినవి వాక్యాలుగా రాస్తున్నాం కాబట్టే పేజీ నిండుతోంది, విషయం మాత్రం ఉండడం లేదు.

సోపీకి మూలం 1968లో లారెన్స్ వీడ్ అనే డాక్టరు వివరించిన సమస్యల వారీ రికార్డు. రోగి చెప్పింది, మనం చూసి కొలిచింది, అంచనా, ప్లాను, చేసింది, ఫలితం. స్టూడెంట్లకు ఆలోచించడం నేర్పడానికి ఇంతకంటే మంచిది లేదు. కానీ ఒకే పేషెంటుకు జ్వరం, ఆయాసం, బెడ్ సోర్, షుగర్ ఉంటే నాలుగు సోపీలు రాయాలి, అదే పల్సు నాలుగు చోట్ల పడుతుంది. పి.ఐ.ఇ. కొంచెం తేలిక. అందులో అసెస్‌మెంట్ ఫ్లో షీటులోనే ఉండిపోతుంది, నోట్స్‌లోకి సమస్య, చేసిన పని, ఫలితం మాత్రమే వస్తాయి.

మీ వార్డుకు నేను చెప్పేది డి.ఎ.ఆర్. ఎడమ పక్క టైము, దాని పక్కన ఫోకస్, తర్వాత డి అంటే చూసింది, ఎ అంటే చేసింది, ఆర్ అంటే ఫలితం. ఇలా ఉంటుంది:

14:10. ఫోకస్: ఆపరేషన్ గాయం నొప్పి.
డి: నొప్పి 7/10, "కదిలితే కోస్తున్నట్టుంది" అన్నారు. పల్సు 104, బి.పి. 138/86. డ్రెస్సింగ్ పొడిగా ఉంది.
ఎ: 14:15కి ఆర్డర్ ప్రకారం పారాసిటమాల్ 1 గ్రాము ఐ.వి. (నరంలోకి), 15 నిమిషాల్లో. మోకాళ్ళ కింద దిండు.
ఆర్: 14:50. నొప్పి 3/10, పల్సు 88. పక్కకు తిరిగారు.

నాలుగు లైన్లు. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు.

జయపురం_వార్డు
మేడమ్ గారు చెప్పినదానిలో ఎక్కువగా తప్పిపోయేది ఆ చివరి ఆర్. డి, ఎ రాసేసి వేరే పడక దగ్గరికి పోతాం, ఆర్ ఖాళీగా ఉండిపోతుంది. దానికి ఉపాయం: మందు ఇచ్చినప్పుడే ఆర్ పక్కన తిరిగి చూడాల్సిన టైము పెన్సిల్‌తో కాదు, పెన్నుతోనే వేయండి. ఐ.వి. నొప్పి మందుకు 30 నిమిషాలు, నోటి మాత్రకు గంట. డ్యూటీ దిగేలోపు ఆ టైము పక్కన ఏమీ లేకపోతే, హ్యాండోవర్‌లో వచ్చే సిస్టర్‌కి "ఫలానా పడకకు ఆర్ బాకీ" అని అప్పజెప్పాలి. మా వైపు సికిల్ సెల్ (విడతలుగా తీవ్రమైన నొప్పి వచ్చే రక్తజబ్బు) పేషెంట్లు ఎక్కువ. నొప్పి స్కోరు వెనక్కి చూసుకునే వీలు లేకపోతే ఇచ్చిన డోసు సరిపోయిందో లేదో డాక్టరుకి తెలిసే దారే లేదు.

ఇంకో మాట. ఎక్సెప్షన్ పద్ధతిని కొట్టిపారేయకండి. నార్మల్ అయితే టిక్కు, తేడా ఉంటేనే రాత. 30 పడకలకు ఇద్దరే ఉన్నప్పుడు అదే నడుస్తుంది.

బరంపురం_ట్యూటర్
ఆ పద్ధతి నడవాలంటే "నార్మల్" అంటే ఏమిటో ముందే కాగితం మీద ఉండాలి బాబూ. ఊపిరి నిమిషానికి 12 నుంచి 20, రెండు వైపులా సమానంగా గాలి, దగ్గు లేదు, ఆక్సిజన్ పెట్టకుండా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 96 లేదా పైన. ఇలా ప్రతి అవయవానికీ నిర్వచనం రాసి, అందరికీ చెప్పి, చార్టు వెనక అచ్చు వేయాలి. అది లేకుండా టిక్కులు మొదలుపెడితే ఒక్కొక్కరి నార్మల్ ఒక్కొక్కటి అవుతుంది. ఇంకా పెద్ద చిక్కు ఖాళీ గడి. చూసి బాగుందని వదిలేశారా, అసలు చూడలేదా? కోర్టులో లాయరు అడిగేది కూడా ఇదే. అందుకని ఎక్సెప్షన్ చార్టులోనైనా ఖాళీ గడి ఉండకూడదు. టిక్కు, లేదా నక్షత్రం గుర్తు పెట్టి నోట్స్, లేదా "చూడలేదు, కారణం". ఈ మూడింటిలో ఒకటి ఉండి తీరాలి.

ఛత్రపురం_ఐసీయూ
"వైటల్స్ స్టేబుల్" అన్న మాటను వార్డు నుంచే తీసేయమని నా విన్నపం. ఒక లెక్క చూడండి. ఊపిరి 22, గది గాలిలోనే సాచురేషన్ 94, పై బి.పి. 108, పల్సు 112, జ్వరం 101.5 ఫారెన్‌హీట్, స్పృహ పూర్తిగా ఉంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ భయపెట్టదు, చాలామంది స్టేబుల్ అనే రాస్తారు. న్యూస్-2 (ఒంటి పరిస్థితి దిగజారడాన్ని ముందే పట్టే లెక్క) స్కోరు వేస్తే: ఊపిరికి 2, సాచురేషన్‌కి 1, బి.పి.కి 1, పల్సుకి 2, జ్వరానికి 1. మొత్తం 7. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన ఈ పట్టిక ప్రకారం 5 లేదా పైన ఉంటే డాక్టరు త్వరగా చూడాలి, 7 లేదా పైన అంటే ఎమర్జెన్సీ పిలుపు. ఏ ఒక్క గడిలో 3 పడినా మొత్తం తక్కువే కదా అని ఊరుకోకూడదు. 16 ఏళ్ళ లోపు పిల్లలకూ గర్భిణులకూ ఇది వాడకండి, వాళ్ళకు వేరే చార్టులు.

అన్నిటికంటే ముందు తేడా చూపించేది ఊపిరి సంఖ్య, అందరూ ఊహించి 20 అని వేసేదీ అదే. పల్సు పట్టుకున్నట్టే చేయి పట్టుకుని ఉండి, గుండె మీదకు చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పేజీలో వరసగా 20, 20, 20 కనిపిస్తే ఎవరూ లెక్కపెట్టలేదనే అర్థం.

స్పృహ సంగతి కూడా. "జి.సి.ఎస్. 10" అని మొత్తం ఒక్కటే వేస్తే పనికిరాదు. ఇ2 వి3 ఎం5 (కళ్ళు, మాట, కదలిక) అని విడివిడిగా ఉండాలి. గొంతులో ట్యూబు ఉంటే వి దగ్గర టి, కళ్ళు వాచి మూసుకుపోతే ఇ దగ్గర సి. మోటార్ 6 నుంచి 5కి దిగడం మొత్తం నంబరులో దాక్కుంటుంది.

గుణుపురం_నర్సు
ఇన్‌టేక్ అవుట్‌పుట్ గురించి ఎవరూ ఎత్తలేదు. మా చార్టుల్లో తప్పులన్నీ అక్కడే ఉంటాయి.

రాయగడ_లేబర్‌రూమ్
గుణుపురం అక్కా, మీరే విడమర్చి రాయండి. ఈలోగా లేబర్ రూమ్ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మెగ్నీషియం (గర్భిణులకు బి.పి. పెరిగి వచ్చే ఫిట్స్‌కు ఇచ్చే మందు) రాతలో తప్పు జరిగితే ప్రాణం మీదకు వస్తుంది.

ప్రిచార్డ్ పద్ధతిలో మొదటి డోసు 4 గ్రాములు ఐ.వి., దానితోపాటు ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు ఐ.ఎం. (కండలోకి). మన దగ్గర దొరికే 50 శాతం ఆంప్యూల్ 2 ఎం.ఎల్., అందులో 1 గ్రాము. ఐ.వి.కి 4 ఆంప్యూళ్ళు అంటే 8 ఎం.ఎల్., దానికి 12 ఎం.ఎల్. నీళ్ళు కలిపి 20 ఎం.ఎల్. చేసి నెమ్మదిగా ఇస్తారు. ఐ.ఎం.కి ఒక్కో వైపు 5 ఆంప్యూళ్ళు, 10 ఎం.ఎల్. తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు, వైపు మారుస్తూ. కాన్పు అయ్యాక గానీ ఆఖరి ఫిట్స్ తర్వాత గానీ, ఏది వెనకైతే దాని నుంచి 24 గంటల దాకా.

ఇప్పుడు రాత. "ఇంజెక్షన్ మ్యాగ్‌సల్ఫ్ ఇచ్చాం" అంటే చాలదు. ప్రతి డోసుకు ముందు మూడు గడులు: మోకాలి రిఫ్లెక్స్ ఉందా, ఊపిరి 16 లేదా పైన ఉందా, గడచిన 4 గంటల్లో మూత్రం గంటకు 30 ఎం.ఎల్. చొప్పున వచ్చిందా. మూడింటిలో ఏది తప్పినా డోసు ఆపి డాక్టరును పిలవాలి, ఆ పిలిచిన టైము కూడా రాయాలి. తర్వాత గ్రాములు, కుడా ఎడమా, టైము, సంతకం. వైపు రాయకపోతే వచ్చిన డ్యూటీవాళ్ళు మళ్ళీ అదే పిరుదులో పొడుస్తారు. పడక పక్కన విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం 10 ఎం.ఎల్. ఉందని కూడా ఒక టిక్కు పెట్టుకోండి.

మందు పేరు పూర్తిగా రాయండి. ఎం.జి.ఎస్.ఓ.4 అని రసాయనం పేరులా పొట్టిగా రాస్తే మార్ఫిన్ సల్ఫేట్ పొట్టి పేరుతో కలిసిపోతుంది. ఇన్సులిన్ దగ్గర యూనిట్లకు ఒక్క అక్షరం వేయడం కూడా అంతే, చేతిరాతలో అది సున్నాలా కనపడి 4 యూనిట్లు 40 అయిపోతాయి. "యూనిట్లు" అని నిండుగా రాయాలి. దశాంశం ముందు సున్నా ఉండాలి, చివర ఉండకూడదు: 0.5 సరే, 5.0 వద్దు.

గుణుపురం_నర్సు
సరే, ఐ/ఓ చార్టు, అంటే ఒంట్లోకి పోయిన, బయటికొచ్చిన ద్రవాల లెక్క.

సెలైన్ బాటిలు రెండు డ్యూటీల మధ్య పడినప్పుడు రెండుసార్లు లెక్కకొస్తుంది. ఈవినింగ్ సిస్టర్ పెట్టినప్పుడే 500 అని వేస్తారు, నైట్ సిస్టర్ అయిపోయాక మళ్ళీ 500 వేస్తారు. పద్ధతి: ఎక్కించినప్పుడు ఏమీ వేయొద్దు. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ బాటిలు చూసి, పోయింది 300 అయితే ఈవినింగ్‌లో 300, మిగిలింది 200 అని రాసి సంతకం. 200 నైట్‌ది. స్పీడు కూడా రాయాలి. 500 ఎం.ఎల్. 8 గంటల్లో అంటే ఎం.ఎల్.కి 20 చుక్కల సెట్టుతో 500ని 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 21 చుక్కలు. సెట్టు కవరు మీద చుక్కల లెక్క చూడకుండా వేస్తే తప్పుతుంది, మైక్రో సెట్టు 60 చుక్కలది.

నోటి ద్వారా పోయేది మనకు కనిపించదు. అటెండెంటు గంజి తాగిస్తారు, కోరాపుట్ వైపు మండియా పేజ్ (రాగి అంబలి) తాగిస్తారు, మన చార్టులో మాత్రం సెలైన్ ఒక్కటే ఉంటుంది. వార్డు గ్లాసులో, గిన్నెలో ఎన్ని ఎం.ఎల్. పడుతుందో మెజరింగ్ జగ్గుతో ఒకసారి కొలిచి గోడ మీద అంటించండి. అటెండెంటుకు ఒక కాగితం ఇచ్చి గ్లాసుకొక గీత గీయమనండి. చదువు రానివాళ్ళు కూడా గీత గీస్తారు.

యూరిన్ బ్యాగు మీది గీతలు నమ్మకండి. వంగితే 50, 100 తేడా వస్తుంది. జగ్గులోకి వంచి కొలవాలి. 50 కిలోల మనిషికి గంటకు 25 ఎం.ఎల్. కంటే తగ్గితే, అంటే కిలోకు 0.5 కంటే తగ్గితే, చార్టులో వేసి ఊరుకోకూడదు, నోట్స్‌లో డి.ఎ.ఆర్. రావాలి. చంటిపిల్లలకు తడి డైపర్ బరువులోంచి పొడి డైపర్ బరువు తీసేస్తే 1 గ్రాము 1 ఎం.ఎల్. 24 గంటల టోటల్ రోజూ ఒకే టైముకు ముగించాలి. ఒకరు ఆరుకి, ఒకరు ఎనిమిదికి ముగిస్తే రెండు రోజుల్ని పోల్చలేం.

ఇచ్ఛాపురం_ట్రయాజ్
ఒడిశా సరిహద్దుకు ఇటువైపు, ఆంధ్రా నుంచి ఒక మాట. పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి శ్రీకాకుళానికి, విశాఖకు వచ్చే రిఫరల్ కాగితాల్లో మొదటి ఇబ్బంది పేరు. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, అక్కడి రికార్డులో చివర. ఒకచోట బొడ్డు లక్ష్మి, ఇంకోచోట లక్ష్మి బొడ్డు, మూడోచోట బి. లక్ష్మి. బ్లడ్ బ్యాంకు స్లిప్పు ఒక పేరుతో, కేస్ షీటు ఇంకో పేరుతో ఉంటే రక్తం ఎక్కించలేం, మళ్ళీ శాంపిల్ తీయాలి. ఆధార్‌లో ఎలా ఉందో అదే అక్షరాలతో, దానికి తోడు వయసు, భర్త లేదా తండ్రి పేరు, ఊరు, ఐ.పి. నంబరు ప్రతి పేజీ మీదా ఉండాలి. పడక నంబరును గుర్తింపుగా వాడకండి, పడక మారుతుంది.

ఒడియాలో రాసిన చీటీ ఇటువైపు చదివేవాళ్ళు దొరకరు, తెలుగులో రాసింది కటక్‌లో చదవరు. రిఫరల్ మాత్రం ఇంగ్లీషులో, ఎస్.బి.ఎ.ఆర్. వరసలో రాయండి: ఇప్పుడు పరిస్థితి, వెనక కథ, మీ అంచనా, మమ్మల్ని ఏం చేయమంటున్నారు. మందులకు ఆఖరి డోసు టైము తప్పనిసరి. పైన రాయగడ సిస్టర్ చెప్పిన మెగ్నీషియం ఎప్పుడు, ఏ వైపు ఇచ్చారో తెలియకపోతే మేము ఇవ్వడానికీ భయం, ఆపడానికీ భయం.

పర్లాకిమిడి_స్టాఫ్
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. పాముకాటు కేసులకు విడిగా ఏదైనా చార్టు వాడుతున్నారా? వానాకాలంలో మాకు అవే ఎక్కువ.

జయపురం_వార్డు
మేము ఒక్క పేజీ చార్టు పెట్టాం, ఏ4 అడ్డంగా. పై వరసలో కాటు పడిన టైము, ఆస్పత్రికి వచ్చిన టైము, కట్టు కట్టారా, దారిలో నాటు మందు ఏమైనా ఇచ్చారా. కింద టైము గళ్ళు: పల్సు, బి.పి., ఊపిరి, కనురెప్ప వాలడం, మెడ ఎత్తగలగడం, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరు, చిగుళ్ళ నుంచి రక్తం, మూత్రం రంగు. వాపు ఎంతవరకు వచ్చిందో కాలి మీదే పెన్నుతో గీత గీసి గీత పక్కన టైము వేస్తాం. చార్టులో "వాపు ఉంది" అంటే పెరిగిందో తగ్గిందో తెలియదు. కట్లపాము కాటులో వాపు ఉండకపోవచ్చు, కడుపునొప్పి ఒక్కటే చెప్తారు. ఆ మాట వాళ్ళు చెప్పినట్టే రాయండి.

20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షకు కొత్త, పొడి గాజు ట్యూబే కావాలి. 2 ఎం.ఎల్. పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్‌లో గానీ సబ్బుతో కడిగిన ట్యూబులో గానీ మామూలు రక్తమే గడ్డకట్టకపోవచ్చు, అనవసరంగా యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు) ఎక్కుతుంది. పోసిన టైము, చూసిన టైము రెండూ రాయాలి.

యాంటీవీనమ్ వయల్ ఒక్కోదానికి 10 ఎం.ఎల్. నీళ్ళు, గిలక్కొట్టకుండా చేతుల మధ్య తిప్పి కరిగించాలి, లేకపోతే నురగ వస్తుంది. మొదటి డోసు 10 వయళ్ళు. ప్రతి వయల్ బ్యాచ్ నంబరు చార్టుకు ఎక్కాలి. మొదలుపెట్టాక అరగంట దాకా 5 నిమిషాలకోసారి, తర్వాత 2 గంటలు 15 నిమిషాలకోసారి వైటల్స్. దద్దుర్లు, దురద, బి.పి. పడటం కనిపిస్తే ఆపిన టైము, అడ్రినలిన్ 0.5 మి.గ్రా. ఐ.ఎం. ఇచ్చిన టైము, మళ్ళీ మొదలుపెట్టిన టైము. గడ్డకట్టే పరీక్ష 6 గంటలకు మళ్ళీ.

పాముకాటు మరణానికి ఒడిశాలో ప్రభుత్వ పరిహారం ఉంది, ఆ కుటుంబానికి ఈ కాగితాలే ఆధారం. నిదానంగా, చదవగలిగేలా రాయండి.

బరంపురం_ట్యూటర్
దిద్దుబాట్లు కూడా చెప్పుకోవాలి. తప్పు పడితే ఒకే గీత, కింద అక్షరాలు కనిపించాలి, పక్కన సరైనది, టైము, సంతకం. వైట్‌నర్, గోటితో గీకడం, అంకె మీద అంకె దిద్దడం వద్దు. 3ని 8 చేస్తే చూసేవాళ్ళకు మోసంలాగే కనిపిస్తుంది. ఎమర్జెన్సీలో అప్పుడే రాయలేకపోతే తర్వాత "లేట్ ఎంట్రీ" అని మొదలుపెట్టి, ఇప్పటి టైమూ జరిగిన టైమూ రెండూ వేయండి. పాత లైన్ల మధ్య ఇరికించకండి. టైము 24 గంటల లెక్కలో. రాత్రి 12 అంటే ఏ తేదీ అన్న గొడవ ఉండదు.

మందు ఇచ్చాకే సంతకం. ట్రేలో మందులు సర్దుతూ ముందే సంతకాలు పెట్టడం అన్ని వార్డుల్లోనూ కనిపిస్తుంది. పేషెంటు ఎక్స్‌రేకి వెళ్ళి ఉంటే, వాంతి అవుతుంటే, ఆ డోసు ఇవ్వకుండానే ఇచ్చినట్టు అవుతుంది. ఇవ్వకపోతే గడిలో గుండ్రం చుట్టి కారణం. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్‌కు ఇద్దరి సంతకాలు. నైట్‌లో ఇద్దరే ఉన్నా సరే, రెండో సిస్టర్ వచ్చి సిరంజి చూసి సంతకం చేయాలి.

కాన్యులాకు: పెట్టిన తేదీ, చోటు, సైజు, ప్రతి డ్యూటీకి చూసిన స్థితి. "కుడి ముంజేయి, 20 గేజి పింక్, ఎరుపు లేదు, నొప్పి లేదు." నొప్పితోపాటు ఎరుపో వాపో ఉంటే తీసి వేరేచోట పెట్టి, రెండూ రాయాలి.

ఛత్రపురం_ఐసీయూ
రక్తం ఎక్కించేటప్పుడు కూడా ఇద్దరి సంతకాలు. బ్యాగు నంబరు, గ్రూపు, ఎక్స్‌పైరీ, మొదలుపెట్టే ముందు వైటల్స్, మొదటి 15 నిమిషాలు పడక దగ్గరే ఉండి మళ్ళీ వైటల్స్. ఫ్రిజ్ నుంచి బయటికొచ్చిన టైము రాయకపోతే 4 గంటల్లో ముగించామో లేదో చెప్పలేం.

గుణుపురం_నర్సు
సవర, కుయి మాట్లాడే పేషెంటు దగ్గర ఎవరు మాట చేరవేశారో రాయండి. "కోడలి ద్వారా తెలుసుకున్నది" అని ఒక ముక్క చాలు. కన్సెంట్ ఫారం ఒడియాలో ఉండి, పేషెంటు తెలుగు మాత్రమే చదివేవారైతే, ఏ భాషలో చదివి వినిపించారో, ఎవరు వినిపించారో, టైము, వాళ్ళ సంతకం ఉండాలి. వేలిముద్ర అయితే ఏ చేతి ఏ వేలో, సాక్షి ఎవరో.

పర్లాకిమిడి_స్టాఫ్
చివరిగా ఒకటి అడుగుతాను. డాక్టరు వద్దన్నా డిశ్చార్జి చేయించుకుని వెళ్ళిపోయేవాళ్ళ నోట్స్‌లో ఏం ఉండాలి? సంతకం పెట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉంటారు. బంధువులు తర్వాత వచ్చి కాగితాలు అడుగుతారు.

బరంపురం_ట్యూటర్
వెళ్తామన్న టైము, వాళ్ళు చెప్పిన కారణం వాళ్ళ మాటల్లో, డాక్టరుకు చెప్పిన టైము, ఏ ప్రమాదం ఉందో ఏ భాషలో ఎవరికి వివరించారు, వెళ్ళేటప్పటి వైటల్స్, కాన్యులా తీశారా, కేథటర్ తీశారా, చేతికిచ్చిన మందులు, మళ్ళీ ఏ లక్షణాలు కనిపిస్తే రమ్మన్నారు. సంతకం పెట్టనంటే "నిరాకరించారు" అని రాసి ఇద్దరు స్టాఫ్ సాక్షి సంతకాలు చేయాలి. చెప్పకుండా వెళ్ళిపోతే ఆఖరుసారి పడక మీద చూసిన టైము, వెతికిన చోట్లు, ఎవరికి కబురు చేశారు. మెడికో లీగల్ కేసు అయితే పోలీసుకు తెలిపిన టైము కూడా.

కాగితాల సంగతి: 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డు 3 ఏళ్ళు ఉంచాలి, పేషెంటు గానీ వాళ్ళ తరఫున అధికారం ఉన్నవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. వార్డు నుంచి నేరుగా ఇవ్వకండి. అర్జీ తీసుకుని, అందినట్టు రాసిచ్చి, రికార్డు సెక్షన్‌కు పంపండి. పంపిన తేదీ, పేజీల సంఖ్య వార్డు రిజిస్టర్‌లో వేసుకోండి.